కాశీరాం గిర్ని పొద్దున్నే ఎందుకు కదలదు

బాన్సువాడ,
జూన్ 12.

వెంకట్రాములు కాకకు నమస్కారం.

నేను గోపాల్ బిడ్డను, సంగీతను. మీరు నన్ను చివరిసారి చూసినప్పుడు నేను మూడో తరగతి. మీ మీసాలు చూసి తలుపు వెనక దాక్కున్నానని నాన్న చెప్పి నవ్వేవాడు. నాన్న పోయి రెండేళ్ళయింది. ఆ సంగతి మీకు తెలుసని మీ బిడ్డ రోజారాణి అక్క ఫోనులో చెప్పింది. మీకు చెవులు పూర్తిగా పోయాయనీ, ఫోనులో అక్షరాలు చూస్తే "ఆవాలు పారబోసినట్టున్నయ్" అని తిడతారనీ, ఏమైనా అడగాలంటే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయమనీ అక్కే చెప్పింది. అందుకే ఈ ఉత్తరం. పరీక్ష పేపర్ల తర్వాత నేను ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు.

నాన్న దుకాణం ఇప్పుడు నేను నడుపుతున్నాను. బస్టాండు వెనక సందులో అదే రేకుల షెడ్డు, అదే 'గోపాల్ మోటార్ వైండింగ్' బోర్డు. ఇంట్లో అమ్మ బీడీలు చుడుతుంది, ఇక్కడ నేను మోటార్లు చుడతాను. ఐ.టి.ఐ. చదివాను గానీ చేతికి పని నేర్పింది నాన్నే. "ఎంత ఆలోచించినా తెగని ముడి వస్తే వెంకట్రాములును అడుగు, చక్కెర ఫ్యాక్టరీల పెద్ద పెద్ద మోటార్లు ఆయన ముందట చేతులు కట్టుకునేటివి" అనేవాడు. తెగని ముడి వచ్చింది కాక.

ఇక్కడ కాశీరాం సేటు పిండి గిర్ని ఉంది. పది హార్స్‌పవర్ మోటరు, బెల్టు మీద రాళ్ళు తిరుగుతాయి. ఉగాది తర్వాత ఆ మోటరు కాలింది. నాన్న చుట్టిన వైండింగు, పదకొండేళ్ళు నడిచింది, పోతే పోయిందనుకుని కొత్తగా చుట్టి ఇచ్చాను. నెలన్నరకు మళ్ళీ పొగ వచ్చింది. విప్పి, లెక్క సరిచూసుకుని మళ్ళీ చుట్టి ఇచ్చాను. అదీ వేడెక్కి వాసన వేస్తోంది. తీగ మందం సరిపోయింది, చుట్ల లెక్క సరిపోయింది, వార్నిష్ ఎండలో మూడు రోజులు ఆరబెట్టాను, స్టర్టర్ కూడా పనిచేస్తోంది. తప్పు ఎక్కడుందో నాకు కనబడడం లేదు.

కాశీరాం సేటు తిట్టే మనిషి కాదు. "మీ నాయిన చుట్టింది పదకొండేండ్లు నడ్శింది బిడ్డా. నీది నెలన్నరకే పొగొచ్చె" అని నెమ్మదిగా అన్నాడు, అంతే. తిట్టినా బాగుండేది. ఆ మాట గిరాకీ నోట పడి ఊరంతా తిరిగింది. పండరి అనే రైతు తన బోరు మోటరు నా దుకాణంలో దింపి, గంటకే వచ్చి మళ్ళీ ఆటోలో వేసుకుని నిజామాబాద్ పట్టుకుపోయాడు. నారుమళ్ళ కాలం ఇది, బోరు మోటార్లు వరసపెట్టి కాలే కాలం. ఈ రెండు నెలలు పని రాకపోతే నాన్న బోర్డు దింపాల్సిందే.

ఎక్కడ చూడాలో చెప్పండి కాక.

మీ
సంగీత

*

దెగ్లూర్,
జూన్ 20.

బిడ్డా సంగీతా,

ఉత్తరం అందింది. అక్షరాలు పెద్దగా రాసినందుకు సంతోషం, తప్పులు కూడా పెద్దగానే కనబడ్డాయి. గోపాల్ కూడా 'స్టార్టర్'కు దీర్ఘం పెట్టేవాడు కాదు. నీకు ఆయన చెయ్యే వచ్చింది, వైండింగు కూడా ఆ చేతిదే అయి ఉంటుంది. కనుక ముందు నీ వైండింగును అనుమానించడం మాని, మిగతా లోకాన్ని అనుమానించు.

కాలిన మోటరు విప్పినప్పుడు తీగలు ఒకచోట నల్లబడ్డాయా, అంతటా ఒక్కతీరు మాడాయా? వైండింగు తప్పయితే ఒకచోట మచ్చపడుతుంది. అంతటా సమానంగా మాడితే తీగ తప్పు కాదు, దాని నెత్తిన పెట్టిన బరువు తప్పు. మోటరు నడుస్తూ నడుస్తూ కాలిందా, మొదలుపెట్టేటప్పుడా? ఈ ఏడాది ఆ గిర్నిలో కొత్తగా ఏం మారింది? పదకొండేళ్ళు లేని జబ్బు ఊరికే రాదు, ఎవరో ఏదో మార్చి ఉంటారు, అడిగితే ఏం మార్చలేదంటారు. అడగకు, చూడు.

ఒక సంగతి బుర్రలో పెట్టుకో. తిరిగే బరువును తిప్పుతూ ఉండటానికి కావాల్సిన బలం వేరు. ఆగి ఉన్నదాన్ని మొదటిసారి కదిలించే బలం వేరు. ఆగిపోయిన ఆటోను నెట్టి చూశావు కదా, మొదటి అడుగుకే నడుము పట్టేస్తుంది, తర్వాత ఒక్క చేత్తో పోతుంది. ఆ మొదటి అడుగు పడనంతసేపు మోటరు ఆరింతల కరెంటు తాగుతూ ఉన్నచోటనే ఉడుకుతుంది. అందరూ మోటరు ఎంత నడిచిందని చూస్తారు. నువ్వు ఎంతసేపు నిలబడిందో చూడు.

బెల్టు విప్పి రాళ్ళను చేత్తో తిప్పి చూడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఎంత బలం పట్టిందో అంకె కావాలి నాకు, "బాగా గట్టిగుంది కాకా" అని రాస్తే ఉత్తరం వెనక్కి పంపుతాను.

లలితమ్మ ఎట్లుంది?

వెంకట్రాములు

*

బాన్సువాడ,
జూలై 2.

కాకకు,

అంకెలు తెచ్చాను, పుల్లీల కొలతలు వేరే చీటీ మీద రాసి లోపల పెట్టాను. 'స్టార్టర్'కు దీర్ఘం కూడా పెట్టాను, చూసుకోండి.

తీగలు అంతటా ఒక్కతీరు మాడాయి, ఒక్క మచ్చ కూడా విడిగా లేదు. ఆ మాట చదివాక ఎన్నాళ్ళకో కడుపునిండా అన్నం తిన్నాను.

కొత్తగా మారింది ఒక్కటే. పాత స్టార్టర్ గుండీ నొక్కగానే మోటరుకు మొత్తం బలం ఒక్కసారే ఇచ్చేది, వాడ మొత్తం లైట్లు ఒక్కసారిగా మసకబారేవి. అందరూ లొల్లి పెడితే ఉగాదికి ముందు సేటు స్టార్ డెల్టా అనే కొత్త స్టార్టర్ పెట్టించాడు. అది మొదట పది సెకండ్లు మెల్లగా తోసి, తర్వాత పూర్తి బలం ఇచ్చేది. నేను ఎదురుగా నిలబడి చూశాను. పొద్దున ఏడింటికి గుండీ నొక్కితే మోటరు పది సెకండ్లు 'ఊఁ...' అని మూలుగుతుంది, రాయి అంగుళం కదలదు. తర్వాత పెద్దగా అరిచి అప్పుడు కదులుతుంది. కొన్నిరోజులు అప్పుడూ కదలదు, రిలే పడి కరెంటు తెగిపోతుంది. సేటు మళ్ళీ నొక్కుతాడు. మళ్ళీ పడుతుంది, మళ్ళీ నొక్కుతాడు. "నాలుగో సారికి ఎట్లైన ఇంటది" అని నాతోనే అన్నాడు, మొండి పిల్లగాణ్ణి బడికి పంపినట్టు. పగలు కరెంటు పోయి వస్తే మాత్రం రాయి లేపి, మధ్యన చిక్కిన గింజ దులిపి, ఖాళీ చేసిగానీ గుండీ నొక్కడు. అప్పుడు మోటరు చక్కగా లేస్తుంది. అంత జాగ్రత్త గల మనిషే.

ఇక చేతి బలం సంగతి. రాయికి ఉన్న పెద్ద పుల్లీకి తాడు చుట్టి, కొసకు కాటా తగిలించి లాగాను. అమ్మ బీడీ ఆకు తూచే కాటా చాలలేదు. వడ్ల బస్తాలు తూచే హుక్కు కాటా ఎవరి దగ్గరుందో తెలుసా? పండరి దగ్గర. మోటరు వెనక్కి తీసుకుపోయిన పండరే. సిగ్గు చంపుకుని వెళ్ళి అడిగితే కాటాతో పాటు తానూ వచ్చాడు, తమాషా చూడటానికి. సాయంత్రం ఐదున్నరకు గిరాకీ అయిపోయాక తాడు లాగితే ఎనిమిది కిలోలకు రాయి కదిలింది. తెల్లవారి ఏడింటికి లాగితే నలభై ఐదు! నేనూ సేటూ ఇద్దరం కాలు తన్నిపెట్టి లాగాం. పండరి "రాత్రి రాయికి దయ్యం పట్టిందా ఏంది" అన్నాడు.

దయ్యమేమో తెలియదు గానీ బేరింగులు విప్పి చూశాను, శుభ్రంగా ఉన్నాయి. వానకాలం తేమకు పిండి ఉబ్బిందేమో అనుకున్నాను, కానీ ఉగాది ఎండల్లోనూ ఇదే కథ కదా. ఐదున్నరకూ ఏడింటికీ నడుమ ఆ రాయికి ఏమైంది కాక? నిద్రలో కూడా అదే ఆలోచన.

ఇంకో మాట మొదటి ఉత్తరంలో రాయలేదు. రాయడానికి సిగ్గనిపించింది. రెండోసారి మోటరు బిగించిన రోజు గిర్నిలో పదిమంది ఉన్నారు. ఎవరో "ఆడిపిల్ల పని" అని నవ్వారు. నాకు రోషం వచ్చి, "ఇది గిట్ల మళ్ళ కాల్తే దుకాణం షెట్టర్ దించి తాళంచెవి కాశీరాం సేటు చేతిల పెడ్త, ఇగ వైండింగ్ జోలికి పోను" అని అందరి ముందూ అన్నాను. అమ్మకు తెలిసి రెండు రోజులు మాట్లాడలేదు. అన్న మాట అన్నట్టే కాక, నేను వెనక్కి తీసుకోను.

మీరు లలితమ్మ ఎట్లుందని అడిగారు. కాశీరాం సేటు తల్లి, బాగానే ఉంది. కానీ నా ఉత్తరంలో నేను ఆమె పేరు రాయలేదే! మీకు ఆమె ఎట్లా తెలుసు?

సంగీత

*

దెగ్లూర్,
జూలై 10.

బిడ్డా,

నోటి దురుసు గోపాల్‌ది కాదు, మీ అమ్మదై ఉండాలి. సరే, అన్నావు. ఇప్పుడు ఏడ్చి లాభం లేదు, లెక్క చేద్దాం.

నీ మోటరు, నువ్వు రాసిన పుల్లీల కొలతలు వేసి చూశాను. ఆ స్టార్టర్ మొదటి తోపులో పూర్తి బలంలో మూడో వంతే ఇస్తుంది. వోల్టేజి నిండుగా ఉంటే ఆ మూడో వంతు నీ తాడు మీద యాభై కిలోల లెక్కకు వస్తుంది. కానీ పొద్దున ఏడింటికి మీ దిక్కు బోర్లన్నీ నడుస్తుంటాయి. మీటరు పెట్టి చూడు, నాలుగు వందల పదిహేను ఉండాల్సిన చోట మూడు వందల నలభై ఉంటుంది. వోల్టేజి ఐదో వంతు తగ్గితే బలం మూడో వంతు పడిపోతుంది, ఇది చాలామందికి తెలియదు. కనుక మిగిలేది ముప్పై మూడు కిలోలు. రాయి అడిగేది నలభై ఐదు. నీ వైండింగు కాదు కదా, బ్రహ్మదేవుడు వచ్చి చుట్టినా అక్కడ పది సెకండ్లు నిలబడి మాడాల్సిందే. పాత స్టార్టర్ ఒక్కసారే మొత్తం బలంతో గుంజేది గనుక రాయి మొండితనం ఇన్నేళ్ళు ఎవరికీ కనబడలేదు.

ఈ కాగితం పట్టుకుపోయి అందరికీ చూపించి గెలిచాననుకోకు. అంకెలు ఎవరూ వినరు. పాత స్టార్టర్ పెట్టమంటే వాడ వాళ్ళు ఊరుకోరు. రాయి ఎందుకు బిగుసుకుంటోందో దొరకాలి.

నువ్వు బేరింగులు చూశావు, తేమ చూశావు. మనుషులను చూడలేదు. ఐదున్నరకు కొలిచి ఇంటికి పోయావు. గిర్ని మూసేది ఎప్పుడు? దీపం పెట్టేదాకా అక్కడే కూర్చో. ఎవరు ఏ పని చేస్తారో కళ్ళతో చూసి రాయి. నాకు ఈ చెవులు పోయాక తెలిసింది, మనుషులు చెప్పేది వినపడకపోతే వాళ్ళు చేసేది బాగా కనబడుతుంది.

లలితమ్మను నేను ఎట్లా ఎరుగుదునో అది పాత కథ. నీ మోటరుకు దానితో పనిలేదు.

వెంకట్రాములు

*

బాన్సువాడ,
జూలై 21.

కాకకు,

దొరికింది! దొరికాక నవ్వు వచ్చింది, ఆ తర్వాత ఏడుపు వచ్చింది.

మీటరు పెట్టాను. పొద్దున మూడు వందల నలభై రెండు. దెగ్లూర్లో కూర్చుని మా ఊరి కరెంటు చెప్పారంటే నాన్న మిమ్మల్ని ఊరికే పొగడలేదు.

సాయంత్రం గిర్నిలోనే కూర్చున్నాను. గిరాకీ పోయింది. సేటు నేల ఊడ్చాడు, తొట్టి తుడిచాడు. రాళ్ళ నడుమ ఇంకా కొసరు గింజ నలుగుతోంది. ఆరున్నరకు లలితమ్మ అవ్వ వెనక ఇంట్లోంచి సోలెడు గోధుమలు తెచ్చింది. అగర్బత్తి ముట్టించింది, కళ్ళు మూసుకుంది, గోధుమలు తొట్టిలో పోసింది. రాళ్ళ చప్పుడు మారింది. "గిర్ని కడుపు నిండింది, ఇగ బందు చెయ్ కొడుకా" అంది. సేటు స్విచ్చి ఆపాడు. రాయి బరువంతా గోధుమల మీద కూర్చుని, కొరుక్కుని, ఆగింది.

అంతే కాక, అదే దయ్యం. పొద్దున దాకా రాళ్ళ నడుమ నలిగీ నలగని గింజలు చీలల్లా దిగి ఉంటాయి.

నేను సేటును అడిగాను. "కరెంటు పోతే గింజ దులిపి మొదలుపెడ్తవు గదా సేటూ, మరి గిది దులుపవా?"

ఆయన నా వైపు వింతగా చూశాడు. "అది దేవుని గింజ గదా సంగీతా. అది లోడెట్లయితది?"

నవ్వు ఆపుకోలేకపోయాను. తర్వాత నా మీద నాకే కోపం వచ్చింది. నాన్న వెంట ఆ గిర్నికి చిన్నప్పటి నుంచీ పోతున్నాను. ఆ సోలెడు గోధుమలు పోయడం వందసార్లు చూశాను. బేరింగు విప్పాను, వోల్టేజి చూశాను, తేమను తిట్టాను. కళ్ళ ముందు పోసిన గింజను లెక్కలో వేయలేదు. నాకూ అది దేవుని గింజే.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. లలితమ్మ అవ్వ దగ్గర కూర్చుని, "ఒక్క వారం గోధుమలు పొయ్యకుండ చూద్దామవ్వా, మోటరు పాణం దక్కుతది" అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నా కొడుకు మీదికి తేకు బిడ్డా" అంది. "ఖాళీ రాయి ఒకసారి నా ఇంటి మనిషిని తిన్నది."

ఆమె పెనిమిటి ఆ గిర్నిలోనే పోయాడట. కాశీరాం సేటు అప్పుడు నాలుగేళ్ళవాడు. తొట్టిలో గింజ పోసే పని ఆమెది. పిల్లవాడు ఏడిస్తే అన్నం పెట్టడానికి ఇంట్లోకి పోయింది. తొట్టి ఖాళీ అయి, రాళ్ళు వట్టిగా తిరిగి గణగణమంటుంటే విని ఉరికి వచ్చింది. వచ్చేసరికి ఆయన గుండె పట్టుకుని బస్తాల మీద ఒరిగి ఉన్నాడు. దవాఖానకు పోకముందే పోయాడు. "నేను గింజ పొయ్యక రాయిని ఖాళీగ ఉంచిన, గందుకే పోయిండు. గీ మాట నాకు చెప్పినోడు రాళ్ళు ఎరిగిన మనిషి" అంది. అప్పటి నుంచి ఒక్క సాయంత్రం తప్పలేదట. జ్వరం వచ్చినా గోడ పట్టుకుని వచ్చి పోసిందట.

సేటు నన్ను బయటికి పిలిచి, అమ్మ ఇంట్లోకి పోయాక రాయి లేపి గింజ దులిపేస్తానన్నాడు. రెండు రోజులు చేశాడు. మూడో రోజు తెల్లవారకముందే అవ్వ లేచి చూసుకుని, గింజ లేదని ఏడ్చి, ఆ పొద్దంతా కొడుకును మోటర్ సైకిల్ ఎక్కనివ్వలేదు. ఇక తన చేతులతో రాయి బిగించి చూసుకునిగానీ పోవడం లేదు.

మోటరు వేడి రోజురోజుకూ పెరుగుతోంది. వార్నిష్ వాసన నాకు తెలుసు, ఇంకో నెల మహా అయితే. నా దుకాణం పోతే పోనీ అని రాయలేను, అది నాన్న దుకాణం. కానీ ఆమె చెయ్యి విదిలించుకుని మోటరును గెలిపించడం కూడా నా చేత కాదు. గోధుమలు అక్కడే ఉండి, మోటరు కూడా బతికే ఉపాయం ఏదైనా ఉందా కాక? తొందరగా రాయండి.

సంగీత

*

దెగ్లూర్,
ఆగస్టు 9.

సంగీతా,

నీ ఉత్తరం వచ్చి పదహారు రోజులు. ఒంట్లో బాగానే ఉంది. రాయడానికి మొహం లేక రాయలేదు.

నువ్వు అడిగిన ఉపాయాలు ఉన్నాయి. మోటరు వట్టిగా వేగం అందుకున్నాక బెల్టును రాయి మీదికి జరిపే రెండో పుల్లీ ఒకటి. పెద్ద మోటరు ఇంకొకటి. రెండూ బొమ్మలు గీసి, కొలతలు వేసి, కవరులో పెట్టాను. మళ్ళీ తీసి చించేశాను. వాటితో నీ మోటరు బతుకుతుంది, నా అబద్ధం కూడా దానితోపాటు చల్లగా బతుకుతుంది.

ఆ రాళ్ళు ఎరిగిన మనిషిని నేనే.

దీనితో మోటరుకు పనిలేదని రాశాను కదా, మొత్తం పని దీనితోనే ఉంది. నీ మొదటి ఉత్తరంలో కాశీరాం గిర్ని అని చదవగానే నా అబద్ధం గుర్తొచ్చింది. అయినా తీగలదో స్టార్టర్‌దో తప్పయి ఉండాలని మొక్కుకుంటూ ప్రశ్నలు రాశాను. దీపం పెట్టేదాకా కూర్చోమని రాసేటప్పటికి సగం తెలుసు.

లోపల ఇంకో కాగితం ఉంది. లలితమ్మకు. ముందు నువ్వు చదువు, తర్వాత ఆమెకు చదివి వినిపించు. కాశీరాం కూడా ఉండాలి. నన్ను కాక అని పిలవాలో వద్దో ఆ తర్వాత ఆలోచించుకో.

వెంకట్రాములు

*

లలితమ్మ చెల్లెకు వెంకట్రాములు రాయునది.

గోపాల్, నేను కలిసి మీ గిర్నికి ఆయిల్ ఇంజనూ రాళ్ళూ బిగించినప్పుడు మీ ఆయన మాకు తన చేత్తో జొన్న రొట్టె పెట్టాడు. ఆయన పోయిన రెండు నెలలకు, రాళ్ళకు కక్కు కొట్టి గాట్లు లోతు చెయ్యమని నువ్వు పిలిస్తే నేను ఒక్కణ్ణే వచ్చాను. రాళ్ళు విప్పి చూస్తే గాట్లన్నీ అరిగి నున్నగా ఉన్నాయి. కొత్తగా పని నేర్చుకుంటున్నావు, గింజ లేకుండా రాళ్ళు తిప్పేస్తున్నావు. వట్టి రాళ్ళు ఒకదాన్నొకటి రాసుకుని అరుగుతాయి, నిప్పులు లేస్తాయి. తిరిగేటప్పుడు మాత్రమే నడుమ గింజ ఉండాలి. నేను చెప్పాల్సింది ఆ ఒక్క మాట.

అట్లా చెబితే నువ్వు వింటావో వినవో అనుకున్నాను. మళ్ళీ మళ్ళీ వచ్చి కక్కు కొట్టాలంటే నాకు విసుగు. భయపెడితే గట్టిగా గుర్తుంటుందని, "రాయి కడుపు ఖాళీగ ఉంచిన ఇల్లు నిలువది" అన్నాను. అది ఏ పెద్దలు చెప్పిన మాటా కాదు. ఆ క్షణాన నా నోటికి వచ్చిన మాట.

అప్పుడు నువ్వు నన్ను అడిగావు: "గయితే అన్నా, ఆ పొద్దు నేను గింజ పొయ్యనందుకేనా ఆయన పోయింది?"

నాకు బాగా వినపడింది. అప్పుడు నా చెవులు బాగానే ఉన్నాయి. కాదు అని ఒక్క మాట అనాలి. అంటే ముందు చెప్పింది ఉత్తదని తేలిపోతుంది. పెద్ద మేస్త్రినని ఊరంతా అనే రోజులు, ఒక ఆడమనిషి ముందు నా మాట నేనే కొట్టేసుకోవడం నామోషీ అనిపించింది. బెల్టు బిగించి, సంచి భుజాన వేసుకుని పోయాను. ముప్పై నాలుగేళ్ళయింది.

కాదు చెల్లె. ఆయన గుండెజబ్బుతో పోయాడు. రాళ్ళు నిండుగా ఉన్నా పోయేవాడే. నువ్వు పిల్లవాడికి అన్నం పెట్టడానికి పోయావు, అందులో ఏ తప్పూ లేదు. ఇప్పుడు కాశీరాంకు కూడా ఆ రాళ్ళతో ఏ గండమూ లేదు. సాయంత్రం గింజ మొత్తం పోనిచ్చి, రాయి లేపి, ఖాళీగా పడుకోనివ్వు. ఆ గోపాల్ బిడ్డ పనిలో లోపం లేదు. మోటరు కాలింది నా మాటకు.

వెంకట్రాములు

*

బాన్సువాడ,
ఆగస్టు 22.

కాకకు,

కాక అనే రాస్తున్నాను. రెండు రోజులు వద్దనుకున్నాను, నిజం చెబుతున్నా. మీ మీద చాలా కోపం వచ్చింది. తర్వాత, ఆ రెండో పుల్లీ బొమ్మ పంపి ఊరుకుని ఉంటే నాకు జన్మలో తెలిసేది కాదు కదా అనిపించింది.

మీ కవరు వచ్చిన పొద్దున రిలే ఐదుసార్లు పడింది. మోటరు మీద చెయ్యి పెట్టలేకపోయాను. వార్నిష్ కరిగి చుక్క కింద పడింది. గిర్నిలో ఆరేడుగురు ఉన్నారు, పండరి కూడా. ఒకరిద్దరు నా షెట్టర్ సంగతి గుర్తు చేసుకుని గుసగుసలాడుకున్నారు. నేను సేటును మోటరు ఆపమన్నాను. అందరూ మధ్యాహ్నం రమ్మని పోయారు. అప్పుడు అవ్వను కూర్చోబెట్టి, సేటు పక్కన ఉండగా మీ కాగితం చదివాను.

మీ పేరు వినగానే "బతికే ఉన్నడా" అంది. తర్వాత కదలకుండా విన్నది. అయిపోయాక, "గా ముక్క మళ్ళొక్కసారి సదువు" అంది. ఏ ముక్కో నాకు తెలుసు. 'కాదు చెల్లె' దగ్గర నుంచి చదివాను. మళ్ళీ చదవమంది. మూడోసారి కాశీరాం సేటు కాగితం తీసుకుని తానే చదివాడు. ఆయనకు ఇదంతా తెలియదు కాక. తల్లి రోజూ సోలెడు గోధుమలు పోస్తోందంటే భక్తి అనుకున్నాడు. "గింత బరువు మోశినవా అమ్మా" అని ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. అవ్వ ఆయన తల మీద చెయ్యి పెట్టింది.

సాయంత్రం నేను వెళ్ళాను. అవ్వ అగర్బత్తి ముట్టించింది. చేతిలో సోల లేదు. రాళ్ళు ఆఖరి గింజ నమిలి గణగణమనడం మొదలుపెట్టగానే ఆమె ఒళ్ళు ఒక్కసారి జల్లుమంది, నేను చూశాను. అయినా నిలబడింది. "రాయి లేపు కొడుకా. బందు చెయ్" అంది. ఆ రాత్రి కొడుకు మంచం పక్కన కింద పడుకుందట, మధ్యమధ్య లేచి ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుందట. పొద్దున కాశీరాం సేటు నవ్వుకుంటూ లేచి వచ్చి ఆమెకు చాయ్ పెట్టి ఇచ్చాడు.

ఏడింటికి పండరి కాటా పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు, ఎవరూ పిలవకుండానే. తాడు లాగాను. ఎనిమిది కిలోలు. గుండీ నొక్కితే మూడు సెకండ్లలో మోటరు వేగం అందుకుంది. మూలుగు లేదు, అరుపు లేదు. ఇప్పటికి తొమ్మిది రోజులు, రిలే ఒక్కసారి కూడా పడలేదు. నిన్న మోటరు విప్పి చూశాను, వైండింగు పైన కొంచెం రంగు మారింది గానీ లోపల గట్టిగా ఉంది. వార్నిష్ ఒక పూత వేసి బిగించాను. సేటు గిర్ని నిండా జనం ఉన్నప్పుడు, "తప్పు నా గిర్నిదే, సంగీత పనిది కాదు" అని గట్టిగా చెప్పాడు. పండరి ఇంకో బోరు మోటరు తెచ్చి దుకాణం ముందు దింపి, "జర జల్ది చుట్టు, మడి ఎండుతుంది" అని పోయాడు. షెట్టర్ తెరిచే ఉంది కాక.

ఇక మీకు చెప్పాల్సింది. ఉత్తరం రాస్తున్నా, ఏం రాయమంటావని అవ్వను అడిగాను. ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను, నా మీద కోపం వద్దు.

"మాఫ్ చేసిన అని రాయకు. ముప్పై నాలుగేండ్లు తక్కువ గావు. నా కొడుకుకు చిన్న జ్వరమొచ్చినా నేను రాళ్ళ దిక్కు చూసుకుంట సచ్చిన. కాయితం మీద ఎవ్వలన్న రాస్తరు. ఆయనను రమ్మను. వచ్చి నా ముందట నిలవడి, కాదు అని నోటితోని చెప్పుమను. అప్పుడు అడిగిన మాటకు ఇప్పుడన్న జవాబియ్యుమను. నేను కూడ ఆయనకు చెప్పేటియి శాన ఉన్నయి."

సంగీత

*

దెగ్లూర్,
ఆగస్టు 29.

బిడ్డా,

శుక్రవారం పొద్దున బస్సుకు వస్తున్నాను. రోజారాణి వెంట వస్తానంది, వద్దన్నాను.

నేను చెప్పాల్సింది ఒక్క మాట, అది చెబుతాను. ఆ తర్వాత ఆమె ఏమన్నా నాకు వినపడదు. నువ్వు కాగితం, కలం పట్టుకుని నా పక్కన ఉండు. ఆమె అన్న ప్రతి మాటా రాసి నాకు చూపించు. పెద్ద అక్షరాలతో రాయి. నా మీద జాలిపడి ఒక్క మాట కూడా తగ్గించకు.

వెంకట్రాములు